కిడ్నీ క్యాన్సర్ ఎంజైముల పనికి ఏ సెల్ లైన్లు కావాలి? 786-ఓ ఒక్కటే ఎందుకు చాలదు?

మీరు అడిగింది ఇదీ: పీహెచ్‌డీ మొదటి సంవత్సరం. కిడ్నీ క్యాన్సర్‌లో ఎఫ్‌బీపీ1, గ్లూటమినేజ్ అనే రెండు ఎంజైముల మీద పని. ల్యాబ్‌లో 786-ఓ అనే కిడ్నీ క్యాన్సర్ సెల్ లైన్ (ల్యాబ్‌లో తరతరాలుగా పెంచుతూ వచ్చే కణాలు) ఉంది. నార్మల్ కంట్రోల్‌గా హెచ్‌ఈకే293 పెట్టుకుని, ఎంటీటీ అనే రంగు పరీక్షతో గ్రోత్ చూద్దామని ప్లాన్. ఇది సరిపోతుందా, సరిపోకపోతే ఇంకేం తెప్పించుకోవాలి, ఒక్కో లైన్‌ను ఎన్ని పాసేజీల (కణాలను విడదీసి కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చడాల) దాకా వాడొచ్చు?

ముందు సూటిగా చెప్పేస్తాను. 786-ఓ ఉంచుకోండి, కానీ దాని ఒక్కదాని మీదే థీసిస్ కట్టకండి. హెచ్‌ఈకే293ని కంట్రోల్‌గా వాడకండి. ఈ పనికి ఎంటీటీ వద్దు. ఈ క్యాన్సర్‌లో తరచూ పాడయ్యే వీహెచ్ఎల్ అనే జీన్ ఉన్నదీ లేనిదీ జంటగా దొరికే ఆర్‌సీసీ4 లైన్‌ను తెప్పించుకోండి. మీడియం సీసా మీద రాసి ఉన్న గ్లూకోజ్, గ్లూటమిన్ అంకెలను ఒకసారి కూర్చుని చదవండి. కారణాలు తెలియకపోతే వీటిలో ఏదో ఒకటి మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి అవి కూడా చెబుతాను.

హెచ్‌ఈకే293తో మొదలుపెడదాం. అది 1973లో పిండం కిడ్నీ కల్చర్‌లోకి అడినోవైరస్ 5 డీఎన్ఏ ముక్కలు ఎక్కించగా వచ్చిన లైన్. పేరులో కిడ్నీ ఉంది, అంతే. జీన్ ఎక్స్‌ప్రెషన్ చూస్తే ట్యూబ్యూల్ (కిడ్నీలోని సన్నని గొట్టం) కణాల పోలిక కన్నా నాడీ కణాల పోలిక, అడ్రినల్ పోలికే ఎక్కువ కనిపిస్తాయి. కిడ్నీ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే క్లియర్ సెల్ రకం పుట్టేది ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ (ఆ గొట్టంలో మొదటి భాగం) కణాల నుంచి. ఆ కణాలు కొవ్వును మండించి శక్తి తెచ్చుకుంటాయి, లాక్టేట్, గ్లూటమిన్ లాంటి వాటి నుంచి గ్లూకోజ్ కూడా తయారుచేస్తాయి. మీ ఎఫ్‌బీపీ1 ఆ గ్లూకోజ్ తయారీ దారిలోని ఎంజైమే. ఆ పనే లేని కణాన్ని 'నార్మల్' అని పక్కన పెడితే తేడా దేనివల్ల వచ్చిందో ఎలా చెబుతారు? లెంటీవైరస్ ప్యాక్ చేయడానికి, ప్రొటీన్ ప్యూరిఫై చేయడానికి హెచ్‌ఈకే293 చక్కగా పనికొస్తుంది. దాన్ని అక్కడే ఉంచండి.

దాని బదులు చాలామంది హెచ్‌కే-2 వాడతారు. అది 1994లో వచ్చిన ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ లైన్, హెచ్‌పీవీ-16 వైరస్ ఈ6, ఈ7 జీన్లతో చావు లేకుండా చేసినది. అంటే కణ విభజనకు కళ్లెం వేసే పీ53, ఆర్‌బీ రెండూ ముందే దెబ్బతిని ఉంటాయి, సెల్ సైకిల్ నార్మల్‌గా ఉండదు. ఆర్‌పీటీఈసీ/టెర్ట్1 అనే ట్యూబ్యూల్ లైన్‌లో టెలోమరేజ్ (క్రోమోజోమ్ కొసలు అరిగిపోకుండా చూసే ఎంజైమ్) మాత్రమే ఎక్కించారు, కాబట్టి నా ఓటు దానికే. నెమ్మదిగా పెరుగుతుంది, మీడియం ఖరీదు, ఓపిక కావాలి. అయినా ఇది కూడా పూర్తి నార్మల్ ఏమీ కాదు. ప్లాస్టిక్ మీద పెంచిన ట్యూబ్యూల్ కణాలు కొన్ని వారాల్లోనే గ్లూకోజ్ తయారీ తగ్గించుకుని గ్లైకోలిసిస్ (గ్లూకోజ్‌ను విడగొట్టి శక్తి తెచ్చుకునే దారి) వైపు ఒరిగిపోతాయి. అందుకే నార్మల్ లైన్‌తో పోలిక ఒక సూచన మాత్రమే. నిజమైన కంట్రోల్ ఎప్పుడూ అదే కణం, ఒక్క జీన్ తేడాతో.

ఇప్పుడు అసలు విషయం, 786-ఓ. ఇది 58 ఏళ్ల పురుషుడి ప్రైమరీ ట్యూమర్ నుంచి వచ్చింది. వీహెచ్ఎల్ పనిచేయదు, క్యాన్సర్‌ను అడ్డుకునే మరో రెండు జీన్లు పీటెన్, పీ53 కూడా పోయాయి. త్వరగా పెరుగుతుంది, జెనోగ్రాఫ్ (ఎలుకలో పెట్టి పెంచే ట్యూమర్) వస్తుంది, ట్రాన్స్‌ఫెక్షన్‌కు (బయటి డీఎన్ఏ ఎక్కించడానికి) లొంగుతుంది. అందరూ దాన్నే ఎందుకు పట్టుకుంటారో అర్థం చేసుకోవచ్చు. అయితే మెటబాలిజం మీద పనిచేసేవాళ్లకు దానిలో ఒక పెద్ద చిక్కు ఉంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు జీన్లను ఆన్ చేసే హిఫ్ ప్రొటీన్లలో హిఫ్-2 ఆల్ఫా ఉంది కానీ హిఫ్-1 ఆల్ఫా లేదు.

వీహెచ్ఎల్ ప్రొటీన్ చేసే ముఖ్యమైన పని హిఫ్ ఆల్ఫాలను పట్టుకుని ధ్వంసం చేయించడం. అది పోతే ఆక్సిజన్ నిండుగా ఉన్నా కణం ఆక్సిజన్ లేనట్టే ప్రవర్తిస్తుంది. క్లియర్ సెల్ క్యాన్సర్ మెటబాలిజం కథ ఇక్కడే మొదలవుతుంది. కానీ రెండు హిఫ్‌లూ ఒకే జీన్లను నడపవు. ఎల్‌డీహెచ్ఏ, పీజీకే1 లాంటి గ్లైకోలిసిస్ ఎంజైములను ఎక్కువగా తిప్పేది హిఫ్-1. కణ విభజనను నడిపే సైక్లిన్ డీ1 లాంటి వాటిని, ట్యూమర్ పెరుగుదలను నడిపేది హిఫ్-2. పేషెంట్ ట్యూమర్లలో చాలావాటికి 14వ క్రోమోజోమ్ పొడవు చేయి పోతుంది, హిఫ్-1 ఆల్ఫా జీన్ ఉండేది అక్కడే. కాబట్టి 786-ఓ ఒక వర్గం ట్యూమర్లకు నిజంగానే నమూనా. కానీ రెండు హిఫ్‌లూ ఉన్న ట్యూమర్లకు కాదు.

దీని ఫలితం ఏమిటంటే, ఎవరైనా 786-ఓలో వీహెచ్ఎల్ తిరిగి పెట్టి, ఒక గ్లైకోలిసిస్ ఎంజైమ్ లెవెల్ కదల్లేదని చూసి, 'ఈ ఎంజైమ్ వీహెచ్ఎల్ చేతిలో లేదు' అని రాసేస్తారు. ఆ కణంలో దాన్ని తిప్పే హిఫ్-1 మొదటినుంచీ లేదు, ఇంక కదలడానికేముంది? ఇలాంటి తీర్మానాలు పోస్టర్లలోనూ, ల్యాబ్ మీటింగుల్లోనూ ఇప్పటికీ కనిపిస్తుంటాయి. మీకు అనుమానం ఉంటే సీఏ9 ప్రొటీన్‌కు వెస్టర్న్ (ప్రొటీన్ ఎంత ఉందో బ్యాండ్‌గా చూపే పరీక్ష) పెట్టి చూడండి. అది హిఫ్-1 టార్గెట్. ఆర్‌సీసీ4లో గట్టి బ్యాండ్ వస్తుంది, 786-ఓలో దాదాపు ఏమీ రాదు.

అందుకే ఆర్‌సీసీ4 కావాలి. దానిలో వీహెచ్ఎల్ లేదు, రెండు హిఫ్‌లూ ఉన్నాయి. ఖాళీ వెక్టర్ ఉన్నదీ, వీహెచ్ఎల్ తిరిగి పెట్టినదీ జంటగా సెల్ బ్యాంకులోనే దొరుకుతాయి, జీ418 అనే యాంటీబయాటిక్‌తో నిలబెట్టాలి. ఆర్‌సీసీ10 కూడా ఇదే వర్గం. ఏ-498, 769-పీ రెండూ 786-ఓ పక్కన కూర్చునేవి, హిఫ్-2 ఒక్కటే పనిచేసేవి. 769-పీలో క్రొమాటిన్‌ను సర్దే బాప్1 జీన్ కూడా దెబ్బతిని ఉంది, కాబట్టి క్రొమాటిన్ వైపు తేడాలు వస్తే ఆ విషయం గుర్తుంచుకోండి. మీ ఫలితం హిఫ్-2 ఒక్కటే ఉన్న లైన్‌లోనూ, రెండూ ఉన్న లైన్‌లోనూ ఒకేలా వచ్చిందంటే దానికి బలం వస్తుంది. వేరువేరుగా వచ్చిందంటే ఇంకా మంచిది, ఏ హిఫ్ కారణమో దారి దొరికినట్టే. 786-ఓ, ఏ-498, 769-పీ మూడూ వాడి 'మూడు లైన్లలో చూపించాం' అనడం మాత్రం ఒకే ఇంటివాళ్లను ముగ్గురిని సాక్ష్యానికి పిలిచినట్టు ఉంటుంది.

ఇక ఎఫ్‌బీపీ1. 2014లో వచ్చిన పని ప్రకారం పరీక్షించిన ఆరు వందలకు పైగా క్లియర్ సెల్ ట్యూమర్లలో ఈ ఎంజైమ్ దాదాపు అన్నిటిలోనూ తగ్గిపోయి ఉంది. అంటే మీ లైన్లలో చాలావరకు అది ముందే లేనట్టు, లేదా నామమాత్రంగా ఉన్నట్టు. అలాంటప్పుడు 786-ఓలో ఎఫ్‌బీపీ1 నాక్‌డౌన్ (జీన్‌ను అణచడం) ప్లాన్ చేయడంలో అర్థం లేదు. ముందు అన్ని లైన్ల లైసేట్లూ (కణాలను పగలగొట్టి తీసిన ద్రవాలు) ఒకే జెల్ మీద నడిపి ఎక్కడ ఎంత ఉందో చూడండి. లేనిచోట తిరిగి పెట్టాలి, ఉన్నచోట అంటే ట్యూబ్యూల్ లైన్లలో తీసేయాలి. రెండు వైపుల నుంచీ ఒకే జవాబు వస్తే రివ్యూయర్ నోరు మెదపడు.

తిరిగి పెట్టేటప్పుడు మూడు జాగ్రత్తలు. మొదటిది, అదే పనిలో తేలింది ఇంకొకటి ఉంది: ఎఫ్‌బీపీ1 న్యూక్లియస్‌లోకి వెళ్లి హిఫ్‌ను నేరుగా అణచగలదు, దానికి ఎంజైమ్ పని అక్కర్లేదు. కాబట్టి మామూలు ఎఫ్‌బీపీ1తో పాటు ఎంజైమ్ పని పోయిన జీ260ఆర్ మ్యుటెంట్ తప్పనిసరి. అది లేకుండా 'గ్లైకోలిసిస్ తగ్గి కణాలు నెమ్మదించాయి' అంటే అది ఎంజైమ్ వల్లో, హిఫ్ అణచడం వల్లో ఎవరికీ తెలియదు. రెండవది, సీఎంవీ ప్రొమోటర్ (జీన్‌ను గట్టిగా నడిపే డీఎన్ఏ స్విచ్)తో ట్యూబ్యూల్ కణంలో ఉన్నదానికి ఎన్నో రెట్లు ఎక్కించేసి దాన్ని 'తిరిగి పెట్టడం' అనకండి. కిడ్నీ టిష్యూ లైసేట్ ఒకటి పక్కన నడిపి ఆ స్థాయికి దగ్గరగా తీసుకురండి. పీజీకే ప్రొమోటర్ వాడదామనిపిస్తే ఒక్క క్షణం ఆగండి, పీజీకే1 స్వయంగా హిఫ్ టార్గెట్. వీహెచ్ఎల్ ఉన్న కణంలోనూ లేని కణంలోనూ ఆ ప్రొమోటర్ ఒకేలా నడుస్తుందని అనుకోవద్దు, కొలిచి చూడండి. మూడవది, డాక్సీసైక్లిన్‌తో ఆన్ అయ్యే సిస్టమ్ పెట్టుకుంటే, డాక్సీసైక్లిన్ మైటోకాండ్రియా ప్రొటీన్ తయారీని అడ్డుకుంటుందని మరిచిపోవద్దు. మామూలు మోతాదులోనే ఆక్సిజన్ వాడకం తగ్గి, లాక్టేట్ పెరగొచ్చు. ఖాళీ వెక్టర్ కణాలకు కూడా అదే మోతాదు, అన్నే గంటలు ఇవ్వాలి. కణాల ఆక్సిజన్ వాడకం కొలిచే సీహార్స్ యంత్రం మీద ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

గ్లూటమినేజ్ కథ దీనికి తిరగబడి ఉంటుంది. గ్లూటమిన్‌ను గ్లూటమేట్‌గా మార్చే ఆ ఎంజైమ్ ఉంది, బాగానే నడుస్తోంది, నిరోధకం కూడా ఉంది: సీబీ-839, మరో పేరు టెలాగ్లెనాస్టాట్. వీహెచ్ఎల్ లేని కణాల్లో గ్లూటమిన్ నుంచి వచ్చిన ఆల్ఫా-కీటోగ్లూటరేట్ వెనక్కి నడిచి సిట్రేట్ అయి, కొవ్వు తయారీకి వెళ్తుంది. అందుకే ఈ కణాలు గ్లూటమిన్ లేకపోతే తట్టుకోలేవు. ప్లేట్ మీద ఇది చాలా అందంగా వస్తుంది. కానీ పేషెంట్లలో కాబోజాంటినిబ్ అనే కిడ్నీ క్యాన్సర్ మందుకు దీన్ని జోడించి చూసిన 444 మంది ట్రయల్‌లో అదనపు లాభం రాలేదు, రెండు గుంపుల్లోనూ జబ్బు ముదరకుండా ఉన్న మధ్యస్థ కాలం దాదాపు 9 నెలలే.

ప్లేట్‌కూ పేషెంటుకూ మధ్య ఈ దూరానికి కారణాలు చాలా ఉండొచ్చు. వాటిలో మన చేతిలో ఉన్నది మీడియం. 786-ఓను పెంచే ఆర్‌పీఎంఐ మీడియంలో గ్లూకోజ్ 11 మిల్లీమోలార్, గ్లూటమిన్ 2. రక్తంలో గ్లూకోజ్ సుమారు 5, గ్లూటమిన్ 0.5 నుంచి 0.6. ఆర్జినిన్ అయితే రక్తంలో ఉన్నదానికి పది రెట్లు. ఎవరూ పట్టించుకోనిది సిస్టిన్ అనే అమైనో ఆమ్లం: ఆర్‌పీఎంఐలో సుమారు 0.2 మిల్లీమోలార్, రక్తంలో అందులో పావు వంతుకు అటూఇటూ. సిస్టిన్ ఎక్కువుంటే కణం దాన్ని లోపలికి తెచ్చుకోవడానికి గ్లూటమేట్‌ను బయటికి పంపుతుంది. పోయిన గ్లూటమేట్‌ను భర్తీ చేయడానికి గ్లూటమినేజ్ ఇంకా ఎక్కువ పనిచేయాలి. అంటే సిస్టిన్ నిండుగా ఉన్న మీడియంలో గ్లూటమినేజ్ మీద ఆధారపడటాన్ని కొంతవరకు మీరే పుట్టిస్తున్నారు. 2017లో దీన్ని చక్కగా చూపించారు, సిస్టిన్ తగ్గిస్తే సీబీ-839 ప్రభావం కూడా పడిపోయింది. కాబట్టి మీ ముఖ్యమైన ప్రయోగాలను ప్లాస్మాక్స్ లేదా హెచ్‌పీఎల్ఎమ్ లాంటి రక్తాన్ని పోలిన మీడియంలో ఒకసారి తిప్పి చూడండి. బడ్జెట్ లేకపోతే కనీసం గ్లూకోజ్, గ్లూటమిన్, సిస్టిన్ లేని ఆర్‌పీఎంఐ కొని మీరే కలుపుకోండి. ఎఫ్‌బీఎస్ (మీడియంలో కలిపే దూడ పిండం సీరమ్) డయలైజ్ చేసినది, అంటే చిన్న అణువులు తీసేసినది వాడండి, లేకపోతే తగ్గించాననుకున్నవన్నీ సీరమ్ దొడ్డిదారిన తెస్తుంది.

మీడియం గురించి ఇంకొక్కటి. సెల్ బ్యాంక్ కాగితం ప్రకారం 786-ఓ ఆర్‌పీఎంఐలో, ఏ-498, ఏసీహెచ్ఎన్ అనే మరో కిడ్నీ క్యాన్సర్ లైన్ ఈఎంఈఎంలో, కాకి-1 అనే ఇంకో లైన్ మెకాయ్స్ 5ఏలో పెరుగుతాయి. గ్లూకోజ్ చూస్తే వరసగా 11, 5.6, 16.7 మిల్లీమోలార్. వీటిని అలాగే ఉంచి లాక్టేట్ పోల్చారంటే మీరు కణాలను కాదు, సీసాలను పోలుస్తున్నారు. అన్నిటినీ ఒకే మీడియంలోకి మార్చి, రెండు వారాలు అలవాటు పడనిచ్చి, అప్పుడు పోల్చండి. పెరుగుదల వేగం కూడా చూసుకోండి. ఎన్‌సీఐ-60 (అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వాడే 60 లైన్ల సెట్) లెక్కల్లో 786-ఓ సుమారు 22 గంటలకు రెట్టింపవుతుంది, ఏ-498కు దాదాపు 67 గంటలు పడుతుంది. 72 గంటల మందు ప్రయోగంలో ఒకటి మూడుసార్లు విభజన చెందితే రెండోది ఒక్కసారే. ఐసీ50 (పెరుగుదలను సగానికి తగ్గించే మోతాదు) తేడా చూసి సంబరపడేముందు ఇది లెక్కలోకి తీసుకోవాలి.

ఎంటీటీ ఎందుకు వద్దన్నానంటే, అది కణాలను లెక్కపెట్టదు. ఎన్ఏడీహెచ్, ఎన్ఏడీపీహెచ్ మీద నడిచే రిడక్షన్‌ను కొలుస్తుంది. మీరు తాకేదే మెటబాలిజం అయినప్పుడు, మెటబాలిజంతోనే కణాల సంఖ్య కొలవడం కుదరదు. ఏటీపీ కొలిచే కిట్లకు కూడా ఇదే ఇబ్బంది. న్యూక్లియస్‌కు రంగు వేసి లెక్కపెట్టండి, లేదా డీఎన్ఏ కొలిచే డై వాడండి. క్రిస్టల్ వయొలెట్ కూడా ఫర్వాలేదు. ఇంకో సంగతి, ప్లేట్ మీద తేడా రాకపోతే వెంటనే కంగారు పడకండి. 786-ఓలో వీహెచ్ఎల్ తిరిగి పెట్టినా మామూలు కల్చర్‌లో పెరుగుదల మారదని, ఎలుకల్లో ట్యూమర్ మాత్రం ఆగిపోతుందని 1995లోనే చూపించారు. ఈ జబ్బులో చాలా తేడాలు తక్కువ సీరమ్‌లో, స్ఫెరాయిడ్‌లో, సాఫ్ట్ అగార్‌లో, జెనోగ్రాఫ్‌లోనే బయటపడతాయి.

ఎంజైమ్ పరిమాణం వేరు, దాని గుండా పారే ప్రవాహం వేరు. వెస్టర్న్ మొదటిదే చెబుతుంది. గ్లూటమిన్ దారి చూడాలంటే అన్ని కార్బన్లూ కార్బన్-13 అయిన గ్లూటమిన్ ఇచ్చి సిట్రేట్ చూడండి. ఎం+4 (నాలుగు బరువైన కార్బన్లున్న సిట్రేట్) ముందుకు నడిచినది, ఎం+5 (ఐదున్నది) వెనక్కి నడిచినది. ఎం+5 ఎక్కువ కనిపించినంత మాత్రాన నికర ప్రవాహం వెనక్కే అనుకోవద్దు, ఐసోసిట్రేట్ డీహైడ్రోజినేజ్ రెండు వైపులా తిరుగుతుంది. కణాలను ట్రిప్సిన్‌తో లేపి మెటబొలైట్లు తీయడం మాత్రం చేయకండి, ఆ కొద్ది నిమిషాల్లో చాలా మారిపోతాయి. ప్లేట్ మీదే త్వరగా కడిగి చల్లని 80 శాతం మెథనాల్ పోయండి. ప్లేట్లన్నీ ఒకే కన్‌ఫ్లుయెన్స్‌లో, అంటే కణాలతో ఒకే మేర నిండి ఉండాలి. కిక్కిరిసిన కణాలు అడుగున ఆక్సిజన్ తాగేస్తే, వీహెచ్ఎల్ బాగున్న లైన్‌లో కూడా హిఫ్ నిలబడిపోతుంది.

వీహెచ్ఎల్ బాగున్న లైన్లంటే గుర్తొచ్చింది. కాకి-1 చర్మంలోని మెటాస్టాసిస్ నుంచి వచ్చింది, వీహెచ్ఎల్ మామూలే. ఏసీహెచ్ఎన్ ప్లూరల్ ద్రవం నుంచి వచ్చింది, దానిలోనూ వీహెచ్ఎల్ బాగుంది. చాలామంది దాన్ని పాపిలరీ అనే వేరే రకం కిడ్నీ క్యాన్సర్ వైపు లెక్కేస్తారు. కాకి-2ని క్లియర్ సెల్ అని అమ్ముతారు కానీ ఎలుకలో పెడితే పాపిలరీ లక్షణాలు చూపిస్తుంది. '786-ఓకు వీహెచ్ఎల్ ఉన్న కంట్రోల్' అని కాకి-1ను పెట్టడం నాకు నచ్చదు. వేరే మనిషి, వేరే ట్యూమర్, వందల తేడాలు. దాన్ని రెండో రకం జబ్బుకు ప్రతినిధిగా చూడండి, కంట్రోల్‌గా కాదు. ఎలుక లైన్ రెన్‌కాలో కూడా వీహెచ్ఎల్ మామూలుగానే ఉంటుంది. ఇమ్యూనిటీ ప్రశ్నలకు అది సరే, హిఫ్ ప్రశ్నలకు దాన్ని ఉన్నదున్నట్టు వాడకండి.

ముందుముందు ఎంజైమే క్యాన్సర్‌కు మూలమైన ఉదాహరణ కావాలనిపిస్తే యూఓకే262 వైపు చూడండి. ఫ్యూమరేట్ హైడ్రటేజ్ పోయిన వంశపారంపర్య కిడ్నీ క్యాన్సర్ నుంచి, అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారైన లైన్ అది. ఎంజైమ్ తిరిగి పెట్టిన జంట కూడా ఉంది. దానిలో ఫ్యూమరేట్ గుట్టగా పేరుకుని ప్రొటీన్ల సిస్టీన్లకు అతుక్కుంటుంది, కీప్1కు అతుక్కున్నప్పుడు అది అదుపులో ఉంచే ఎన్ఆర్ఎఫ్2 (కణాన్ని ఆక్సిడేషన్ దెబ్బ నుంచి కాపాడే ప్రొటీన్) లేచి కూర్చుంటుంది. వీహెచ్ఎల్ చెక్కుచెదరకుండానే హిఫ్ కూడా నిలబడుతుంది, ఎందుకంటే వీహెచ్ఎల్ పట్టుకునేలా హిఫ్‌కు గుర్తు వేసే ఎంజైములను ఫ్యూమరేట్ అడ్డుకుంటుంది. ఒక్క హెచ్చరిక: ఇలా టీసీఏ సైకిల్ (ఫ్యూమరేట్ హైడ్రటేజ్ ఉండే మైటోకాండ్రియా శక్తి చక్రం) తెగిన లైన్లు మీడియంలోని పైరువేట్ మీద బాగా ఆధారపడొచ్చు. ఆర్‌పీఎంఐలో పైరువేట్ ఉండదు. కణాలు నీరసించాయని ఇన్‌క్యుబేటర్‌ను తిట్టుకునేముందు అది చూసుకోండి.

కల్చర్‌లో కంటికి కనిపించకుండా చేరే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాకు పరీక్ష నెలకోసారి చేయించండి. మిగతా ల్యాబుల కన్నా మీకు ఇది ఎక్కువ అవసరం, ఎందుకంటే కొన్ని మైకోప్లాస్మా జాతులు ఆర్జినిన్‌ను తినేస్తాయి, కొన్ని గ్లూకోజ్‌ను పులియబెడతాయి. ప్లేట్ పైకి శుభ్రంగానే కనిపిస్తుంది, మీ మెటబాలిజం డేటా మాత్రం బ్యాక్టీరియాది అవుతుంది. పక్క ల్యాబ్ నుంచి ఫ్లాస్క్ తెచ్చుకుంటే ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (లైన్‌ను గుర్తుపట్టే డీఎన్ఏ వేలిముద్ర) చేయించి, సెల్లోసారస్ అనే సెల్ లైన్ల డేటాబేస్‌లో ఉన్న ప్రొఫైల్‌తో పోల్చండి. 80 శాతం కన్నా తక్కువ కలిస్తే ఆ ఫ్లాస్క్‌ను నమ్మకండి.

పాసేజీల సంగతి. అన్ని లైన్లకూ చెల్లే ఒకే అంకె లేదు. బ్యాంక్ నుంచి వచ్చిన వయల్‌ను రెండు మూడు పాసేజీల్లో పెంచి మాస్టర్ స్టాక్‌గా ఫ్రీజ్ చేయండి, దాని నుంచి వర్కింగ్ స్టాక్. ఒకసారి కరిగించిన కణాలను పది పదిహేను పాసేజీలు దాటనివ్వకుండా కొత్త వయల్‌కు వెళ్లిపోవడం నా పద్ధతి. ఆర్‌సీసీ4 జంటకు మాత్రం ఇంకాస్త గట్టిగా ఉండండి. జీ418 లేకుండా ఎక్కువ కాలం పెంచితే వీహెచ్ఎల్ ఎక్స్‌ప్రెషన్ మెల్లగా జారిపోతుంది. ప్రయోగం రోజుల్లో జీ418 తీసేయండి, స్టాక్ పెంచేటప్పుడు ఉంచండి. కొత్త వయల్ కరిగించిన ప్రతిసారీ వీహెచ్ఎల్, హిఫ్-1 ఆల్ఫా, హిఫ్-2 ఆల్ఫా మూడింటికీ ఒక వెస్టర్న్ నడపండి. వీహెచ్ఎల్ ఉండాల్సిన కణంలో హిఫ్ బ్యాండ్ మళ్లీ కనిపించిందంటే ఆ వయల్‌ను పక్కన పెట్టేయడమే.